చిట్టెలుక కాలేయంలో గండి

ఒక పాఠకురాలు అడిగారు: "మా నాన్నగారికి పిత్తాశయంలోని రాయి జారి బైల్ డక్ట్‌లో ఇరుక్కుంది. ఒళ్లంతా పచ్చబడింది. ఎండోస్కోపీతో తీసేశారు. ఆ నాలుగు రోజుల్లో లివర్ లోపల ఏం జరిగి ఉంటుంది? పాడైంది మళ్లీ బాగవుతుందా?"

మనిషిలో ఇది రోజురోజుకూ చూడటం కుదరదు. రాయి ఏ గంటకు అడ్డుపడిందో కూడా తెలియదు. చిట్టెలుకలోనైతే ఆ గంటను సర్జనే నిర్ణయిస్తాడు. పాతిక గ్రాముల జీవికి మత్తు ఇచ్చి, పొట్ట మధ్యలో కోసి, కాలేయాన్ని తడి దూదితో పైకి జరుపుతారు. మిల్లీమీటరు వెడల్పైనా లేని పైత్యరస నాళాన్ని (బైల్ డక్ట్‌ను) పక్కనున్న రక్తనాళాల నుంచి విడదీసి, పట్టుదారంతో రెండు ముళ్లు వేస్తారు. ఇంకో గుంపు చిట్టెలుకలకు కోత, కుట్లు అన్నీ ఉంటాయి, ముడి మాత్రం ఉండదు. అప్పుడు రెండు గుంపుల మధ్య కనిపించే తేడా అంతా ముడిదే. ఈ ఆలోచన పాతదే. 1876లో పారిస్‌లో షార్కో, గొంబో అనే డాక్టర్లు జంతువుల్లో ఈ నాళాన్ని కట్టి, కాలేయం ఎలా మారుతుందో రాశారు.

పెద్ద ఎలుకకు (ర్యాట్) పిత్తాశయమే లేదు, చిట్టెలుకకు (మౌస్) ఉంది. ముడి వేశాక అది బుడగలా ఉబ్బుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది కూడా. అందుకే కొందరు ముందే దాన్ని తీసేస్తారు.

ఇక నన్ను ఎన్నేళ్లుగానో పట్టుకున్న సంగతికి వస్తాను. స్కూల్లో కాలేయాన్ని గోధుమరంగు ముద్దగా గీయించి, కింద ఆకుపచ్చ సంచీ తగిలించి వదిలేస్తాం. లోపలి కాలువలను ఎవరూ చూపించరు. గోదావరి డెల్టాలో తిరిగినవాళ్లకు అవి ఇట్టే అర్థమవుతాయి. అక్కడ చేనుకు నీళ్లు తెచ్చే కాలువ వేరు, చేలో ఎక్కువైన నీటిని సముద్రానికి మోసే మురుగు డ్రెయిన్ వేరు. కాలేయంలో రక్తం సాగునీరు, పైత్యరసం డ్రెయిన్ నీరు. రెండూ ఎదురెదురు దిక్కుల్లో పారతాయి. పక్కపక్క కణాల మధ్య మైక్రోమీటరు వెడల్పుండే సందులే పిల్ల డ్రెయిన్లు. వాటికి విడిగా గోడలు లేవు. కాలేయకణమే గట్టు. దానికి ఒక పక్క రక్తం, ఇంకో పక్క పైత్యరసం.

డ్రెయిన్ మొగ మూసుకుపోయినా మోటార్లు ఆగవు. కణం పొరలోని బీసెప్ అనే ప్రోటీన్ కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చు చేస్తూ పైత్య ఆమ్లాలను సందులోకి తోడుతూనే ఉంటుంది. పెద్ద నాళాలు కొంత సర్దుకుంటాయి. వంకరలు తిరిగి పొడవు పెంచుకుంటాయి, లోపలి గోడను మడతలు పెట్టుకుని వైశాల్యం పెంచుకుంటాయి. పిల్ల డ్రెయిన్లకు ఆ వెసులుబాటు లేదు. చివరికి గండి పడుతుంది.

ఈ గండిని 2019లో జర్మనీలోని డార్ట్‌మండ్ పరిశోధకులు బతికున్న చిట్టెలుక కాలేయంలో మైక్రోస్కోపు కింద పట్టుకున్నారు. సందువైపు కణం పొర చిరుగుతుంది. పైత్యరసం కణంలోకి దూసుకొస్తుంది, కణం చచ్చిపోతుంది, అక్కడి నుంచి పైత్యరసం రక్తంలోకి పారుతుంది. ఆ చచ్చిన కణాల మచ్చనే బైల్ ఇన్‌ఫార్క్ట్ అంటారు. గట్టు ఒకచోట తెగితే మిగతా గట్టు మీద ఒత్తిడి తగ్గినట్టే, పక్క కణాలకు ఊపిరి దొరుకుతుంది. బతికిన కణాలు కూడా తోడుడు దిక్కు మార్చుకుంటాయి. రక్తం నుంచి పైత్య ఆమ్లాలను లాక్కునే ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్‌ను తగ్గించుకుని, తిరిగి రక్తంలోకి పంపే ఎంఆర్‌పీ4 అనే ప్రోటీన్‌ను పెంచుకుంటాయి. ఆ భారమంతా ఇక కిడ్నీల మీద పడుతుంది.

డ్రెయిన్ మూసుకున్నప్పుడు నీరు ఇంకా ఎక్కువ వదిలితే? ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ పైత్యరసం పారుదలను పెంచే మందు. కొన్ని కాలేయ జబ్బుల్లో ఎంతో మేలు చేస్తుంది. కానీ నాళం కట్టిన చిట్టెలుకలకు దాన్ని ఇస్తే గండ్లు పెరిగాయని 2002లో ఆస్ట్రియాలోని గ్రాజ్ బృందం చూపించింది. మందు మంచిదే, మొగ తెరవందే దానికి దారి లేదు.

మన ఊళ్లలో కామెర్లనగానే పసరు పోస్తారు, చేతికి వాత పెడతారు. వైరస్ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. అడ్డుపడి వచ్చిన కామెర్లను ఏ పసరూ తెరవలేదు. పసిపిల్లల విషయంలో నాకు మరీ బాధ. రెండు వారాలు దాటినా పచ్చదనం తగ్గక, విరేచనం సున్నంలా తెల్లగా వస్తుంటే పైత్యరస నాళాలే మూసుకుపోయి ఉండొచ్చు. దానికి జపాన్ డాక్టర్ మోరియో కసాయి కనిపెట్టిన ఆపరేషన్ ఉంది. రెండు నెలల వయసు లోపల చేస్తేనే ఎక్కువ ఫలితం. వాత మానేలోపు ఆ గడువు దాటిపోతుంది.

చిట్టెలుక చెప్పిందంతా మనకు వర్తించదు. దాని పైత్యరసంలో మ్యూరికోలిక్ ఆమ్లాలు ఉంటాయి, అవి మన వాటికంటే సౌమ్యం. వాటిని తయారుచేసే సిప్2సి70 అనే ఎంజైము 2016లో దొరికింది. ఆ జన్యువును తీసేస్తే చిట్టెలుక పైత్యరసం మనిషి పైత్యరసానికి దగ్గరవుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ముడి వేసిన చిట్టెలుకలో నాళాల చుట్టూ గట్టి మచ్చ (ఫైబ్రోసిస్) పేరుకోవడానికి వారాలు పడుతుంది. మనిషిలో ఇంకా ఎక్కువే పడుతుంది. అలా పేరుకున్న మచ్చ కూడా కరగగలదు. పాంక్రియాస్ వాపు వల్ల నాళం నొక్కుకుపోయిన 11 మందికి ఆపరేషన్‌తో దారి తెరిచి, ముందూ తర్వాతా కాలేయం ముక్కలు పరీక్షించిన ఫ్రాన్స్ డాక్టర్లు 2001లో ఫలితం ప్రకటించారు. ఆరుగురిలో మచ్చ తగ్గింది. మీ నాన్నగారికి దారి తెరుచుకున్నది నాలుగు రోజుల్లోనే.