దిమ్మె ఎందుకు ఎదురు తిరిగింది

పెద్దోడికీ, చిట్టితల్లికీ తాతయ్య ఆశీస్సులు.

సెలవుల ఆఖరి రాత్రి మనం ‘సెకిగహరా’ అనే బల్ల ఆట, అదే జపాన్‌లో 1600లో జరిగిన సెకిగహరా యుద్ధం మీద అల్లినది, ఆడుతుంటే పెద్దోడు కళ్ళనీళ్ళు పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. “నా దిమ్మె నా మీదకే ఎలా వస్తుంది తాతయ్యా? ఇదేం రూలు?” అని అడిగాడు. పొద్దున్నే రైలు టెన్షన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. చిట్టితల్లి కూడా పక్కన కూర్చుని అంతా చూసింది కాబట్టి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

మనకు చదరంగం అలవాటు. అందులో బంటును తోస్తే కదులుతుంది, ఏనుగును చావమంటే చస్తుంది. ఏ పావూ “నేను రాను” అనదు. సెకిగహరా అలాంటిది కాదు. దీన్ని మాట్ కాల్కిన్స్ అనే ఆయన తయారుచేశాడు, 2011లో వచ్చింది. ఇందులో పాచికలు లేవు. నిలబెట్టిన చెక్క దిమ్మెలే సైన్యం. వాటి మీది వంశచిహ్నాలు ఎవరివి వాళ్ళకే కనపడతాయి. ఒక దిమ్మెను యుద్ధంలోకి దింపాలంటే అదే వంశం గుర్తున్న కార్డు నీ చేతిలో ఉండాలి. దిమ్మె బల్ల మీద ఉన్నంత మాత్రాన అది నీది కాదు. ఆ కార్డు ఉంటేనే ఆ వంశం నీ మాట వింటుంది. దండును దూరం నడిపించాలన్నా కార్డులు వదులుకోవాలి, ముందు ఆడే హక్కుకూ కార్డులే పందెం. అందుకే యుద్ధం వచ్చేసరికి చెయ్యి ఖాళీ అవుతూ ఉంటుంది.

ఆ రాత్రి జరిగింది ఇదీ. ఆ యుద్ధంలో తలపడ్డ రెండు పక్షాల్లో పెద్దోడు ఇషిదా పక్షం, నేను తొకుగావా పక్షం. వాడు తన పక్షంలోని మోరీ అనే వంశం ఆఖరి కార్డుతో ఓ పెద్ద మోరీ దిమ్మెను దింపాడు. నేను విధేయతను పరీక్షించే కార్డు వేశాను. అప్పుడు వాడు అదే వంశానిది ఇంకో కార్డు చూపిస్తే దిమ్మె నిలిచేది. వాడి దగ్గర లేదు. దాంతో దాని బలం ఆ యుద్ధం మట్టుకు నా లెక్కలోకి వచ్చింది.

ఈ రూలు ఊరికే పుట్టలేదు. 1598లో జపాన్‌ని ఏలుతున్న తొయొతోమి హిదెయొషి చనిపోయాడు. కొడుకు హిదెయొరి ఇంకా పసివాడు. వాడు పెద్దయ్యేదాకా రాజ్యాన్ని చూసుకుంటామని ఐదుగురు పెద్ద సామంతులు ప్రమాణం చేశారు. వాళ్ళలో అందరికంటే బలవంతుడు తొకుగావా ఇయెయాసు. అతను అధికారాన్ని మెల్లమెల్లగా తన చేతుల్లోకి లాక్కుంటుంటే ఇషిదా మిత్సునారి అడ్డం తిరిగాడు. మిత్సునారి లెక్కల్లో, పరిపాలనలో దిట్ట. పిల్లవాడి పక్షాన నిలబడ్డాడు కూడా. కానీ హిదెయొషి కొరియా మీద చేసిన యుద్ధంలో పోరాడి వచ్చిన సేనాపతులు చాలామందికి అతనంటే పడేది కాదు.

1600 వేసవిలో ఇయెయాసు ఏం చేశాడో తెలుసా? ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో కూర్చుని ఉత్తరాలు రాయించాడు. ఒకటీ రెండూ కాదు, వందకు పైగా. ఎవరికి ఏ భూములు కావాలో, ఎవరికి ఎవరంటే కోపమో కనుక్కుని ఒక్కొక్కళ్ళకీ రాయించాడు. నా దృష్టిలో ఆ యుద్ధం సగం అక్కడే ముగిసింది.

అక్టోబరు 21న సెకిగహరా లోయలో పొద్దున్నే దట్టంగా పొగమంచు. పశ్చిమ సైన్యం, అంటే మిత్సునారి పక్షం, కొండల మీద మంచి చోట్లే పట్టుకుంది. మాత్సువో కొండ మీద కొబయాకావా హిదెయాకి సుమారు 15 వేలమందితో ఉన్నాడు. అతనికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. అతను హిదెయొషి భార్యకు మేనల్లుడు. ఒకప్పుడు హిదెయొషికి దత్తపుత్రుడు కూడా. సొంత కొడుకు పుట్టాక వేరే వంశానికి దత్తు వెళ్ళాడు. కొరియా నుంచి వచ్చాక అతని భూములు కోసేశారు. అది మిత్సునారి వల్లేనని మనసులో పెట్టుకున్నాడు. ఆ భూములు తిరిగి వచ్చేలా చేసింది ఇయెయాసు. ఇలాంటి కుర్రాడిని నమ్ముకుని మిత్సునారి యుద్ధానికి దిగాడు.

యుద్ధం మొదలైనా హిదెయాకి కొండ దిగలేదని, ఇయెయాసు విసిగిపోయి అటువైపు తుపాకులు పేల్పించాడని కథగా చెబుతారు. అది తరవాత అల్లిన కథ అనే చరిత్రకారులూ ఉన్నారు. చివరికి అతను దిగాడు, కానీ తన పక్షంవాడే అయిన ఒతాని యొషిత్సుగు మీద పడ్డాడు. యొషిత్సుగుకి ముందే అనుమానం ఉంది. ఆ కొండకేసి కాపలాగా నలుగురు చిన్న సామంతులను పెట్టుకున్నాడు. వాళ్ళు నలుగురూ కూడా ఎదురు తిరిగారు! జబ్బుతో చూపు దెబ్బతిని పల్లకీలో కూర్చుని సైన్యాన్ని నడిపిన యొషిత్సుగు అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఆయనే. ఈ యుద్ధం గెలవలేమని మిత్సునారికి ముందే చెప్పి, చెప్పాక కూడా స్నేహితుడి కోసం వచ్చినవాడు.

ఇక పెద్దోడి మోరీ దిమ్మె సంగతి. ఆ రోజు మోరీ సైన్యం నాంగూ కొండ మీద ఉంది. కొండ కింద దారిలో అదే వంశానికి చెందిన కిక్కావా హిరోయియె నిలబడ్డాడు. అతను ఇయెయాసుతో రహస్యంగా ఒప్పందం చేసుకున్నాడు. అతను కదలకపోతే వెనకవాళ్ళకు దారి లేదు. “ఎందుకు దిగడం లేదు?” అని కబురొస్తే పైనున్న మోరీ హిదెమోతో ఏం చెప్పాలో తెలియక, సైనికులు భోజనం చేస్తున్నారని చెప్పించాడట. ‘సైషో గారి ఖాళీ క్యారేజీ’ అన్నట్టుగా జపాన్‌లో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. సైషో అంటే హిదెమోతోకున్న ఆస్థాన పదవి. వాళ్ళ వెనకున్న చొసొకాబె అనే మరో వంశం సైన్యం కూడా అలాగే నిలబడిపోయింది. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది.

ఇప్పుడు చెప్పు పెద్దోడా, నీ చేతిలో మిగిలిన ఆ ఒక్క మోరీ కార్డూ మిత్సునారి చేతిలో ఉన్నదే కదా?

చిట్టితల్లి అడిగింది, “మరి తొకుగావావాళ్ళకు ఏ ఇబ్బందీ రాలేదా” అని. వచ్చింది. ఇయెయాసు కొడుకు హిదెతాదా సుమారు 38 వేలమందితో వస్తూ దారిలో ఉయెదా కోట దగ్గర సనాదా మసయుకి చేతిలో చిక్కుకుపోయి అసలు యుద్ధానికి అందుకోలేకపోయాడు. ఆటలో సైన్యం ఉండీ సమయానికి రాకపోతే ఎంత మంటగా ఉంటుందో నీకు తెలుసు.

ఇయెయాసు 1603లో షోగన్, అంటే దేశాన్ని ఏలే సేనాధిపతి అయ్యాడు. 1615లో ఇయెయాసు సైన్యం చేతిలో ఒసాకా కోట పడిపోయి, అందులో ఉన్న హిదెయొరి చనిపోయాడు. మోరీవాళ్ళకు తమ విశాలమైన భూముల్లో సువో, నగాతో అనే రెండు ప్రాంతాలే మిగిలాయి. రెండున్నర శతాబ్దాల తరవాత తొకుగావా పాలనను కూలదోయడానికి ముందుకొచ్చినవాళ్ళలో ఆ నేలవాళ్ళే ముఖ్యులు.

మిత్సునారి పట్టుబడ్డాక చంపడానికి తీసుకెళ్తుంటే దాహమేసి నీళ్ళడిగాడట. నీళ్ళు లేవు, ఎండబెట్టిన పెర్సిమన్ పండు తినమన్నారు. అది ఒంటికి పడదు, వద్దన్నాడు. ఇంకాసేపట్లో పోయేవాడివి నీకు ఒంటి సంగతెందుకని నవ్వారట. పెద్ద పని తలపెట్టినవాడు ఆఖరి క్షణం దాకా ప్రాణాన్ని కాపాడుకుంటాడు అన్నాడట. ఇదీ కథగా వచ్చిందే కానీ, చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

పెట్టె అలమారులో పైఅరలోనే ఉంది. ఒక్క దిమ్మె కూడా పోలేదు, నిన్ననే లెక్కపెట్టాను. దసరాకి వచ్చినప్పుడు ఇషిదా పక్షం నాకివ్వండి. మీరిద్దరూ కలిసి తొకుగావా ఆడండి.

మీ
తాతయ్య