క్వార్టర్‌బ్యాక్‌ను మార్చేయాలా? ఆదివారం ఫోన్లకు నా జవాబు

శనివారం రాత్రి మా కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆట ముగుస్తుంది. ఆదివారం పొద్దున్న ఆరింటికి నేను వీడియో గదిలో రెండో కాఫీ మీద ఉంటాను. ఏడింటికల్లా డాలస్ నుంచి మా బావగారి ఫోను, మా క్వార్టర్‌బ్యాక్ గురించి, అంటే జట్టుకు పాసులు వేసే కుర్రాడి గురించి. "ఏమయ్యా, వాడితో కాదు. మార్చేయమని మీ కోచ్‌కి చెప్పు." ఓడిన రోజు అంటే సరే, పదమూడు పాయింట్ల తేడాతో గెలిచిన రోజు కూడా ఇదే మాట. కోచ్ నన్ను సలహా అడగడని, నా పని ఆటను ముక్కలుగా కోసి చీటీ అంటించడమేనని తొమ్మిదేళ్లుగా చెబుతున్నాను. ఆయన తొమ్మిదేళ్లుగా వినడం లేదు.

ఎం.ఎస్. చదువుకునే రోజుల్లో చేతిఖర్చుకోసం ఒక కళాశాల ఫుట్‌బాల్ జట్టు వీడియో విభాగంలో చేరాను. సిజర్ లిఫ్ట్ ఎక్కి, చలిలో వేళ్లు కొంకర్లు పోతుంటే సాధన చిత్రీకరించడం మొదటి ఉద్యోగం. ఇప్పుడు ఆఫీసులో కూర్చుని ప్రతి ప్లే పక్కన, అంటే బంతి కదిలిన ప్రతిసారీ, రాస్తాను: ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకు పోవడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ హాష్ మీద ఉంది (మైదానం మధ్యలో నిలువునా ఉండే రెండు గీతల వరసల్లో ఏది), ఎదుటివాళ్లు ఏ కవరేజి, అంటే ఏ కాపలా పద్ధతి, వేశారు, క్వార్టర్‌బ్యాక్ ఎవరిని చూశాడు, ఎవరిని చూడాల్సింది. ఈ పనిలో ఉన్నానని తెలిశాక గుడి క్యాంటీనులోనైనా, పుట్టినరోజు విందులోనైనా అందరూ అడిగేది ఒక్కటే. వీడు చాలతాడా, చాలడా?

అపోహ: బాక్స్ స్కోరు చూస్తే తెలిసిపోతుంది

బాక్స్ స్కోరంటే ఆట ముగిశాక వచ్చే అంకెల పట్టిక. అన్నింటికన్నా ఖరీదైన అపోహ ఇదే. ఖరీదు అన్నది మాటవరసకు కాదు. 2018 అక్టోబరులో, కళాశాల మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021 నుంచి మొదటిసారి జట్టు మారే ఆటగాడు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. 2025 జూలై 1 నుంచి కళాశాలలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. తొలి ఏడాదికి ఒక్కో కళాశాల పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అభిమానులు అంకెలు చూసి ఉన్నవాడిని తిట్టి సాగనంపుతారు. మరో ఊళ్లో అంకెలు బాగున్నవాడిని డబ్బు పోసి తెచ్చుకుంటారు. అక్టోబరు వచ్చేసరికి వీడూ అంతే అంటారు.

ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. కళాశాల క్రీడల సంఘం ఎన్‌సీఏఏ పాసర్ రేటింగుకు గజాలను 8.4తో, టచ్‌డౌన్లను (బంతి ఎదుటివాళ్ల చివరి గీత దాటినవి) 330తో, పూర్తయిన పాసులను 100తో గుణించి కూడతారు. ఇంటర్‌సెప్షన్లను, అంటే ఎదుటివాళ్లు పట్టేసుకున్న పాసులను, 200తో గుణించి అందులోంచి తీసేస్తారు. వచ్చినదాన్ని వేసిన పాసుల సంఖ్యతో భాగిస్తారు. ఇప్పుడు మన కుర్రాడు బబుల్ స్క్రీన్ అనే ఒక పొట్టి పక్క పాసు వేశాడనుకోండి. పాసు అందుకునే రిసీవర్, ప్లే మొదలయ్యే స్క్రిమ్మేజ్ గీతకు ఇవతలే పట్టుకుని, నలుగురిని తప్పించుకుని 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ ఒక్క పాసుకు లెక్క 1060. అదే కుర్రాడు మూడో డౌన్, పన్నెండు గజాలు కావాల్సిన చోట, పక్కటెముకల్లోకి ఒకడు దూసుకొస్తుంటే ఇద్దరు డిఫెండర్ల మధ్య సందులోంచి 14 గజాల పాసు వేశాడు. దానికి లెక్క 217.6. ఆ పాసును రిసీవర్ జారవిడిస్తే సున్నా. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇంకో తమాషా ఉంది. ఎవరూ ఖాళీగా లేరని బంతిని తెలివిగా గీత బయటికి విసిరేస్తే అది పూర్తికాని పాసు, రేటింగు తగ్గుతుంది. అదే బంతిని పట్టుకుని వేలాడి సాక్ అయితే, అంటే విసరకముందే ఎదుటివాళ్లు పడగొట్టేస్తే, ఈ సూత్రంలో దానికి చోటే లేదు, రేటింగు చెక్కుచెదరదు. జట్టుకు ఏడు గజాలు పోయినా సరే. తెలివైనవాడికి జరిమానా, మొండివాడికి మాఫీ అన్నమాట.

మూడేళ్ల కిందటి ఒక ప్లే చెబుతాను. మూడో డౌన్, ఎనిమిది గజాలు. బంతి ఎడమ హాష్ మీద ఉంది. కళాశాల మైదానంలో రెండు హాష్‌ల మధ్య దూరం 40 అడుగులు. వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. అంటే ఎడమ హాష్ నుంచి కుడి సైడ్‌లైను 100 అడుగుల దూరం. అటు చివర పది గజాల పాసు అందించాలంటే బంతి గాలిలో 35 గజాల దాకా ప్రయాణించాలి. రిసీవర్ తిరిగాక చూసి విసిరితే ఆలస్యమైనట్టే. తిరగకముందే, తిరుగుతాడని నమ్మి విసరాలి.

ఆ ప్లేలో నియమం ఇది: రిసీవర్‌ను కాచే ఎదుటి కార్నర్‌బ్యాక్ వెనక్కి జరుగుతుంటే రిసీవర్ పన్నెండు గజాల దగ్గర ఆగి బయటికి తిరగాలి. మీదికొచ్చి అడ్డుకుంటే నేరుగా లోతుకు పోవాలి. కార్నర్ వెనక్కే జరిగాడు. మావాడు సరిగ్గా చదివాడు, సరిగ్గా వేళకు విసిరాడు. రిసీవర్ మాత్రం ఆగలేదు, లోతుకు పోయాడు. ఖాళీ చోట పడబోయిన బంతిని ఆ కార్నరే ముందుకొచ్చి హాయిగా అందుకున్నాడు. మైదానమంతా ఒకటే గేలి. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, ఆ తరువాత క్వార్టర్‌బ్యాక్ ముఖం మీదికి వస్తుంది. దారి తప్పిన రిసీవర్ ఆ చిత్రంలో ఎక్కడా లేడు. ఇరవై రెండు మందీ కనిపించే మా వీడియోలో ఉన్నాడు. ఆదివారం మార్కుల పట్టికలో ఆ ప్లేకి క్వార్టర్‌బ్యాక్‌కు ప్లస్, రిసీవర్‌కు మైనస్ పడ్డాయి.

విలేకరులు అడిగితే ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు "ఆ తప్పు నాదే" అన్నాడు. తోటివాడి పేరు బయటపెట్టలేదు. బావగారు ఆ వార్తను నాకు పంపి, కింద రాశారు: "వాడే ఒప్పుకున్నాడు, చూడు." గదిలో మాట బయటికి చెప్పకూడదు కాబట్టి నోరు మూసుకున్నాను.

అదే ఆటలో మొదటి క్వార్టర్‌లో వాడు వేసిన ఒక పాసు నేరుగా ఎదుటి లైన్‌బ్యాకర్ ఛాతీకి తగిలి కింద పడింది. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. బాక్స్ స్కోరులో అదొక మామూలు పూర్తికాని పాసు. నా పట్టికలో మాత్రం ఆ రోజు అసలైన ఇంటర్‌సెప్షన్ అదే.

మరి ఏం చూడాలి? ఆటకు ముప్ఫై పాసులు వేస్తే, నా లెక్కలో ఇరవై దాకా ఈ స్థాయిలో ఎవడైనా వేయగలిగినవే: స్క్రీన్లు, ముందే అనుకున్న చోటికి వేసే పొట్టి పాసులు, పరుగని నటించే ప్లే యాక్షన్‌కు, వెనక కాపలా ఉండే సేఫ్టీ మోసపోయి రిసీవర్ ఒంటరిగా దొరికినవి. చదునైన పిచ్ మీద పరుగుల్లాంటివి అవి. మిగిలిన పదీ పన్నెండూ చూడండి. మూడో డౌన్ మీద ఏడు గజాలకు మించి కావాల్సినవి, మొదట చూసిన రిసీవర్ మూసుకుపోయినవి, ముఖం మీదికి మనిషి వచ్చినవి. అప్పుడు వాడి కళ్లు ఇంకా ముందుకే ఉన్నాయా, మీదికొచ్చేవాడి వైపు దిగాయా? పాదాలు నిలబడ్డాయా, గంతులేస్తున్నాయా? రెండో రిసీవర్ దగ్గరికి చూపు వేళకు వెళ్లిందా? బంతి పట్టుకోగలిగేలా వచ్చిందా? పట్టుకున్నారా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ పన్నెండింటిలో ఏడెనిమిది సరిగ్గా చేసేవాడు చాలతాడు. నాలుగు దాటనివాడికి 70 శాతం పాసులు పూర్తయినా, గట్టి డిఫెన్సు ఎదురైన రోజున బండారం బయటపడుతుంది.

ఒక్క సీజను అంకెలు ఎంత దూరం మోసం చేస్తాయో క్వార్టర్‌బ్యాక్ జో బరో చరిత్రే చెబుతుంది. 2018లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) తరఫున పూర్తయిన పాసులు 57.8 శాతం, టచ్‌డౌన్ పాసులు 16. ఆ పట్టిక చూసి వీడిలో ఏటా మేటి కళాశాల ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఉందని ఎవరంటారు? 2019లో 76.3 శాతం, 5,671 గజాలు, 60 టచ్‌డౌన్లు, 15 ఆటలకు 15 గెలుపులు, ఆ ట్రోఫీ కూడా. కొత్త పాసింగ్ పథకం వచ్చింది, రిసీవర్లు ఎదిగారు, వాడూ ఎదిగాడు. ఇందులో ఏది ఎంత అని వేరు చేసి చెప్పే అంకె బాక్స్ స్కోరులో ఉండదు.

అపోహ: సాక్‌లన్నీ లైన్‌మెన్ తప్పే

క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే లైన్‌మెన్ సాక్‌కు ఒక సాకు, చాలాసార్లు. మైదానం చివరి ఎండ్‌జోన్ వెనక నుంచి తీసిన వీడియోలో ఇది బాగా తెలుస్తుంది. ఆ గోడ చివర ఉండే టాకిల్ తన పని తాను చేసి, వచ్చినవాడిని క్వార్టర్‌బ్యాక్ నిలబడే చోటు, పాకెట్, వెనకగా చుట్టూ తోస్తాడు. క్వార్టర్‌బ్యాక్ ఉండాల్సిన చోట ఉంటే ఆ వచ్చినవాడు వెనక నుంచి దాటిపోతాడు. కంగారుపడి రెండు గజాలు వెనక్కి జరిగితే తిన్నగా వాడి చేతుల్లోకే వెళ్తాడు. స్టేడియం టాకిల్‌ను తిడుతుంది. అందరూ అలా అని కాదు, నిజంగానే గోడ కూలే రోజులూ ఉంటాయి. అందుకే స్నాప్ నుంచి, అంటే బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టిన క్షణం నుంచి, ఎంత సేపైందో లెక్కపెట్టండి. రెండు సెకన్లలోపే మనిషి మీద పడితే లైను తప్పు. మూడున్నర దాటితే నేను క్వార్టర్‌బ్యాక్ కాళ్లనే చూస్తాను.

ఇంకొకటి. కళాశాల లెక్కల్లో సాక్‌లో పోయిన గజాలను క్వార్టర్‌బ్యాక్ పరుగుల్లోంచి తీసేస్తారు. "పన్నెండు పరుగులకు మైనస్ తొమ్మిది గజాలా, వీడికి పరుగే రాదు" అనే ముందు అందులో సాక్‌లు ఎన్నో చూడండి.

అపోహ: గెలిపిస్తే మంచివాడు, ఓడితే చెత్త

2016 అక్టోబరు 22న టెక్సస్ టెక్ క్వార్టర్‌బ్యాక్ 734 గజాలు విసిరాడు, జట్టు 59 పాయింట్లు చేసింది, ఓక్లహోమా 66 చేసి గెలిచింది. ఆ ఏడాది ఆ జట్టు 5 గెలిచి 7 ఓడింది. ఆ కుర్రాడి పేరు పాట్రిక్ మహోమ్స్, తరువాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో విజేతగా నిలిచినవాడు. ఎదుటివాళ్లను ఆపే పని కూడా వాడే చేయాలంటే ఎలా?

2024 నవంబరు 30న సొంత మైదానంలో మిషిగన్ చేతిలో ఒహాయో స్టేట్ 13-10తో ఓడినప్పుడు కొలంబస్‌లో ఉండే నా స్నేహితుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ రెండు ఇంటర్‌సెప్షన్లు వేసిన మాట నిజం. ఎదుటి డిఫెన్సుకు బలమున్న మధ్యభాగంలోకే పదే పదే పరుగు పంపిన పథకం మాత్రం అతనిది కాదు. ఏడు వారాల తరువాత అదే హవర్డ్ నోటర్‌డామ్ మీద జాతీయ ఫైనల్లో మొదటి పదమూడు పాసులూ పూర్తి చేశాడు, 34-23తో గెలిచారు. చివరిలో మూడో డౌన్, పదకొండు గజాలు ఉన్నప్పుడు రిసీవర్ జెరెమయా స్మిత్‌కు 56 గజాల పాసు వేశాడు. నా స్నేహితుడు ఇప్పుడు మొదటినుంచీ నమ్మకం ఉందంటాడు.

అపోహ: బెంచి మీదివాడే మేలు

దూరపు కొండలు నునుపు. బెంచి మీదివాడు ఇంకా తప్పు చేయలేదు, అంతే. అందరూ 2018 జనవరి 8 చూపిస్తారు: జాతీయ ఫైనల్లో జార్జియా మీద సగం ఆటకు 13-0తో వెనకబడిన అలబామా, క్వార్టర్‌బ్యాక్ జేలన్ హర్ట్స్‌ను తీసి బెంచి మీదున్న టువాను దింపింది, ఓవర్‌టైములో 41 గజాల పాసుతో 26-23గా గెలిచింది. నిజమే. అదే ఏడాది డిసెంబరులో, అదే అట్లాంటా స్టేడియంలో, అదే జార్జియా మీద టువా గాయపడితే హర్ట్స్ దిగి 35-28తో గెలిపించిన సంగతి ఎవరూ చెప్పరు. సాధనలో క్వార్టర్‌బ్యాక్‌కు వేరే రంగు జెర్సీ వేసి ఎవరూ ముట్టుకోవద్దంటారు. కాబట్టి బెంచి మీదివాడికి పాఠం వచ్చో లేదో రోజూ చూసే కోచ్‌లకు తెలుస్తుంది. దెబ్బ తగిలాక ఏమవుతాడో వాళ్లకూ పూర్తిగా తెలియదు.

మిగిలినవి త్వరగా. చేతిబలం ఉంటే చాలు: చాలదు, వేళ తప్పిన వేగం ఇంటర్‌సెప్షనే. హైస్కూలులోనే ఐదు నక్షత్రాల రేటింగు వచ్చిన కుర్రాడే కావాలి: స్కాలర్‌షిప్ లేకుండా జట్టులోకి వచ్చిన స్టెట్సన్ బెనెట్ జార్జియాకు వరుసగా రెండు జాతీయ టైటిళ్లు తెచ్చాడు. పొట్టివాడు పనికిరాడు: ఈ వాదనకు నాకు ఓపిక లేదు.

కంగారుపడేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఒక నవంబరు రాత్రి స్టేడియం లిఫ్టులో మా క్వార్టర్‌బ్యాక్ నంబరు జెర్సీ వేసుకున్న ఒకావిడ పక్కన నిలబడ్డాను. పైన గేలి ఇంకా వినబడుతోంది. నా మెడలో కార్డు చూసి, "వాడిని తీసేస్తారా?" అని మెల్లగా అడిగింది. తల్లి అని అప్పుడు అర్థమైంది. తీసేసేదీ ఉంచేదీ నాకు తెలియదు. రెండో క్వార్టర్‌లో మోకాళ్ల మీదికి మనిషి వస్తున్నా నిలబడి వేసిన పాసు ఒకటుందని, అది చాలామందికి రాదని మాత్రం చెప్పాను. "కొంచెం ఎత్తుగా పడిందని వాడే బాధపడుతున్నాడు," అందావిడ. నిజమే, ఒక అడుగు ఎత్తుగా పడింది.

కిందటి సీజనులో విసుగొచ్చి బావగారికి ఒక పని అప్పగించాను. ఒక్క ఆటలో మూడో డౌన్లు మాత్రం కాగితం మీద రాసి పంపండి, తరువాత మాట్లాడదాం అన్నాను. ఆదివారం ఫోను మోగలేదు, ఫోటో వచ్చింది. సరుకుల బిల్లు వెనక వరసగా రాసి ఉంది. చేతిరాత బావగారిది కాదు, మా అక్కది. "మూడో డౌన్, 9 గజాలు. బాగానే వేశాడు, పట్టుకునేవాడు వదిలేశాడు. మీ బావ వేసినవాడి మీద అరుస్తున్నారు."