త్రయాన్: ఓడించినవాడి పేరు బిడ్డకు పెట్టుకున్న కథ

1906లో పారిస్ సమీపాన తన సొంత యంత్రంతో నేల మీంచి లేచిన త్రయాన్ వూయా 1872లో బనాత్‌లో పుట్టాడు. 1941లో చెర్నౌత్సి మేయరుగా వేలమంది యూదులను శిబిరాలకు తరలించకుండా కాపాడిన త్రయాన్ పోపోవిచ్ 1892లో బుకోవినాలో పుట్టాడు. ఇద్దరూ రుమేనియన్లే, కానీ పుట్టిన ఊళ్లు అప్పటికి రుమేనియాలో లేవు. ఒకరిది హంగరీ ఏలుబడి, మరొకరిది ఆస్ట్రియా ఏలుబడి. ఆ తల్లిదండ్రులకు ఈ పేరే ఎందుకు తోచింది?

పేరు రోమన్ చక్రవర్తి త్రయానుస్‌ది. ఇంగ్లీషులో ట్రాజన్ అంటారు. రెండు యుద్ధాలు చేసి, క్రీ.శ. 106లో డేసియాను, అంటే దాదాపు ఇప్పటి రుమేనియా ప్రాంతాన్ని, గెలిచాడు. డేసియా రాజు డెసెబాల్ పట్టుబడక ముందే ప్రాణం తీసుకున్నాడు. ఆ గెలుపు బొమ్మలన్నీ రోములోని త్రయానుస్ స్తంభం మీద ఇప్పటికీ ఉన్నాయి. 270ల నాటికి రోమన్లు డేసియాను వదిలి వెళ్లారు.

అప్పటినుంచి ఈ పేరు తాత నుంచి మనవడికి అందుతూ వచ్చిందనుకుంటే పొరపాటు. పల్లెల్లో పిల్లలకు పెట్టినవి చర్చి పంచాంగంలోని పేర్లు: యోన్, వసీలే, గెయోర్గె. త్రయానుస్ క్రైస్తవుడే కాదు, ఇక పునీతుల జాబితాలో ఎలా ఉంటాడు?

పేరును తిరిగి తెచ్చింది ఇప్పటి రుమేనియాలో భాగమైన ట్రాన్సిల్వేనియా పండితులు. అప్పట్లో అది హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల ఏలుబడి. అక్కడ రుమేనియన్లే ఎక్కువమంది, అయినా గుర్తింపు ఉన్న మూడు 'జాతు'ల్లో (హంగరీ ప్రభువులు, సెకెయ్‌లు, సాక్సన్లు) వారికి చోటు లేదు. సముయిల్ మికు, షింకాయ్, పేత్రు మయోర్ వంటివాళ్లు 'మేం త్రయానుస్ తెచ్చిన రోమన్ల సంతతి, ఈ నేల మీద మేమే ముందువాళ్లం' అని పుస్తకాలు రాశారు. 1791లో చక్రవర్తి లియోపోల్డ్‌కు పంపిన విన్నపంలోనూ అదే వాదన. విన్నపాన్ని తోసిపుచ్చారు. వాదన మాత్రం ఇళ్లలోకి చేరి, త్రయాన్, లివియు, ఒవిదియు, ఒక్టావియన్‌గా పిల్లల పేర్లయింది. ఈ లాటిన్ పేర్లలో ఇంకో సౌకర్యం ఉంది. యోన్‌ను కాగితాల్లో యానోష్‌గా మార్చేయడం హంగరీ అధికారులకు తేలిక, త్రయాన్‌ను హంగరీ పేరుగా మార్చడం అంత సులువు కాదు. నాకు ఈ పేరులో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ మౌన ప్రతిఘటనే.

1848 విప్లవ వేళ ఆంద్రేయి మురెషాను రాసిన గీతం, మా గుండెల్లో త్రయాన్ అనే పేరును గర్వంగా దాచుకున్నామంటుంది. కమ్యూనిస్టు పాలన కూలాక అదే జాతీయగీతమైంది.

డెసెబాల్‌నూ రుమేనియన్లు మరిచిపోలేదు, ఆ పేరూ పిల్లలకు పెడతారు. డాన్యూబ్ కనుమలో సెర్బియా ఒడ్డున త్రయానుస్ వేయించిన శిలాఫలకం ఉంది. రుమేనియా ఒడ్డున కొండరాతిలో నలభై మీటర్లకు పైగా ఎత్తున డెసెబాల్ ముఖం చెక్కారు. 1994లో మొదలైన ఆ పని ముగియడానికి పదేళ్లు పట్టింది.