బాబాయ్ రిపోర్టులో 5.2

బాబాయ్ వాట్సాప్‌లో ల్యాబ్ రిపోర్టు ఫొటో పంపాడు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో అడక్కుండానే కలిపేసిన టెస్టు. రక్తంలో పీఎస్‌ఏ 5.2, పక్కన ఎక్కువని చెప్పే లావుపాటి 'హెచ్', ఆ పక్కన '0–4 నార్మల్'. 5.2 కింద పెన్నుతో రెండు గీతలు. వయసు 61. రాత్రంతా నిద్ర లేదట.

పీఎస్‌ఏ పేరు వినగానే క్యాన్సర్ గుర్తొస్తుంది గానీ, నిజానికి అది మగవాళ్లందరిలో ఉండే ప్రోటీన్. మూత్రాశయం కింద ఉసిరికాయంత ఉండే ప్రోస్టేట్ గ్రంథి దాన్ని తయారుచేస్తుంది. చిక్కబడ్డ వీర్యాన్ని పలచన చేయడం దాని పని. అందులో పిసరంత రక్తంలోకి జారుతుంది. వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, మూత్రానికి గొట్టం (క్యాథెటర్) వేసినా ఎక్కువ జారుతుంది. క్యాన్సర్ వచ్చినా అంతే. ఎందుకు జారిందో అంకె చెప్పదు.

4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకు బయాప్సీ చేస్తే, అంటే గ్రంథి నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తే, దాదాపు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ బయటపడుతుంది. అలాగని 4 లోపుంటే నిశ్చింతా? 2004లో వచ్చిన అమెరికా అధ్యయనంలో అలాంటివాళ్లలోనూ 15 శాతం మందికి కనిపించింది. పైగా ప్రోస్టేట్ వాపుకి ఫినాస్టరైడ్ వాడేవాళ్లలో ఈ అంకె కొన్ని నెలల్లో సగానికి పడిపోతుంది. ఆ మాత్ర సంగతి డాక్టరుకి చెప్పకపోతే రిపోర్టు చూసి మోసపోతారు.

సరే, ముందే దొరికితే మంచిదేగా? ఇక్కడే అసలు చిక్కు. ఐరోపాలో 55–69 ఏళ్ల మగవాళ్లు లక్షన్నర మందికి పైగా పాల్గొన్న పీఎస్‌ఏ పరీక్షల అధ్యయనం 23 ఏళ్ల లెక్క 2025లో వచ్చింది. 456 మందిని పరీక్షకు పిలిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ మరణం ఒకటి తప్పింది. ఆ ఒక్కరి కోసం అదనంగా 12 మందికి క్యాన్సర్ ఉందని తేల్చాల్సి వచ్చింది. వీళ్లలో చాలామందిది నత్తనడక క్యాన్సర్, జీవితాంతం ఇబ్బంది పెట్టేది కాదు. ఆపరేషనో రేడియేషనో చేస్తే మాత్రం కొందరికి మూత్రం ఆగదు, కొందరికి అంగస్తంభన పోతుంది. ఈ బేరం ఎవరికి వారే తేల్చుకోవాలి; ప్యాకేజీలో కలిపేయడం నాకు నచ్చదు.

ఇప్పుడు కొంత నయం. బయాప్సీకి ముందు ఎమ్మారై తీస్తున్నారు. ముదరని క్యాన్సరైతే కత్తి పెట్టకుండా కనిపెట్టుకుని ఉంటున్నారు.

బాబాయ్‌ని యూరాలజిస్టు మొదట అడిగింది, "మూత్రం మంటగా ఉందా?" అని. ఉంది, చెకప్‌కి వారం ముందు నుంచీ. ఇన్‌ఫెక్షన్‌కి మందులిచ్చి, ఆరు వారాల తర్వాత మళ్లీ చేయించారు. 3.4. క్యాన్సర్ లేదని ఎవరూ రాసివ్వలేదు, ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. ఆ రిపోర్టూ వాట్సాప్‌లో వచ్చింది. ఈసారి పెన్ను గీతలు లేవు.