చంకీ నిట్టింగ్ మెషిన్: టెన్షన్, ప్యాటర్న్‌ల మీద అపోహలు – వాస్తవాలు

చంకీ మెషిన్ అంటే లావు ఊలుతో బట్ట అల్లే మెషిన్. దాని ముందు కొత్తగా కూర్చున్నవాళ్ళు మొదట అడిగేది ఒకటే: "ఈ ఊలుకి టెన్షన్ (బిగువు) ఎంత పెట్టాలి?" ఒక అంకె తెలిస్తే చాలు, పని మొదలుపెట్టేయొచ్చని వాళ్ళ నమ్మకం. కానీ టెన్షన్ ఒక్క అంకెతో తేలేది కాదు. కోన్ (ఊలు చుట్టిన శంకువు) మీంచి ఊలు సాఫీగా వస్తోందా, మాస్ట్ (ఊలును పైనుంచి అందించే నిలువు కడ్డీ) మీది డిస్క్ దాన్ని ఎంత పట్టి ఉంచుతోంది, సూదులను నొక్కి పట్టే స్పాంజ్ బార్ బాగుందా, అల్లికకు కింద ఎంత బరువు వేలాడుతోంది అనేవన్నీ కుదిరాకే క్యారేజ్ (సూదుల మీదుగా అటూ ఇటూ జరిపే భాగం) మీది డయల్ వంతు వస్తుంది. అల్లిక తేడా వస్తే చాలామంది ముందు డయల్ తిప్పుతారు. నిజానికి చివర ముట్టుకోవాల్సింది అదే.

అపోహ: చంకీ మెషిన్ కదా, ఎంత లావు ఊలైనా అల్లేస్తుంది.

ఈ మెషిన్లలో సూదికీ సూదికీ మధ్య 9 మి.మీ. దూరం ఉంటుంది. స్టాండర్డ్ మెషిన్లో అది 4.5 మి.మీ. బ్రదర్ కె.హెచ్. 260, సిల్వర్ రీడ్ ఎస్.కె. 155 రెండూ 9 మి.మీ. మెషిన్లే. దూరం ఎక్కువ కాబట్టి ఊలు ఎంత లావున్నా ఫర్వాలేదనుకుంటారు గానీ, అసలు హద్దు సూది కొక్కెం దగ్గర ఉంది.

ఒక సూదిని ముందుకు లాగి, ఊలును కొక్కెంలో పెట్టి, లాచ్‌ను (కొక్కెం నోరు మూసే చిన్న నాలుకను) వేలితో మూసి చూడండి. ఊలు నలగకుండా లాచ్ పూర్తిగా మూసుకోవాలి. ఊలు బయటికి ఉబ్బి లాచ్ సగంలో ఆగిపోతే ఆ ఊలు ఈ మెషిన్‌కి పనికిరాదు. కొక్కెంలో బాగానే పడుతోంది గానీ డయల్ ఎంత పెంచినా అల్లిక అట్టలా గట్టిగా వస్తోందంటే, సూది విడిచి సూది వాడండి. అప్పుడు దూరం 18 మి.మీ. అవుతుంది, బట్ట మెత్తగా వేలాడుతుంది.

నేర్చుకునేటప్పుడు నున్నగా, గట్టిగా పేనిన, లేత రంగు ఊలు తీసుకోండి. ఆరన్ మందం (మధ్యస్థం కంటే కాస్త లావు) అయితే మరీ మంచిది. ముదురు రంగులో ఏ కుట్టు జారిందో కనపడదు. మొహైర్ (నూగు ఊలు), బూక్లే (ఉంగరాల ఊలు) లాంటివి చెయ్యి తిరిగేదాకా పక్కన పెట్టండి, విప్పాల్సి వస్తే అవి విడిరావు.

అపోహ: డయల్ మీది అంకే టెన్షన్. ఒక మెషిన్లో 6 అయితే ఇంకో మెషిన్లోనూ 6.

డయల్ చేసేది ఒక్కటే. క్యారేజ్ వెళ్ళేటప్పుడు దాని అడుగునున్న స్టిచ్ క్యామ్ ప్రతి సూదినీ ఎంత వెనక్కి లాగాలో అది నిర్ణయిస్తుంది. ఎక్కువ లాగితే పెద్ద లూప్, తక్కువ లాగితే చిన్న లూప్. ఒకే కంపెనీ, ఒకే మోడల్ మెషిన్లు రెండు పక్కపక్కన పెట్టి ఒకే అంకెతో అల్లినా కొలత తేడా రావచ్చు. అందుకే ఇంకొకరి అంకెను మొదటి శాంపిల్‌కి (కొలత చూసేందుకు అల్లే ముక్కకి) ఆధారంగా మాత్రమే తీసుకోవాలి. బ్రదర్ డయల్ మీద అంకెకూ అంకెకూ మధ్య రెండు చుక్కలుంటాయి, అంటే ఒక్కో అంకెకు మూడు మెట్లు. మార్చేటప్పుడు ఒక్కో చుక్కే జరపండి.

రెండో టెన్షన్ మాస్ట్ మీద ఉంటుంది. అది కుట్టు సైజును నిర్ణయించదు, ఊలు క్యారేజ్‌కి ఎలా అందాలో చూసుకుంటుంది. ఊలు వెనక కొక్కెం లోంచి, రెండు డిస్కుల మధ్యగా, పైనున్న స్ప్రింగ్ తీగ చివరి కన్ను లోంచి వచ్చి క్యారేజ్ మీది ఫీడర్‌లోకి (ఊలు దూరే రంధ్రంలోకి) దిగుతుంది. అంతా ఎక్కించాక ఆ స్ప్రింగ్ తీగ కొద్దిగా వంగి ఉండాలి. నిటారుగా నిలబడితే ఊలు వదులుగా ఉన్నట్టు, ముందుకు పూర్తిగా వంగిపోతే బిగుసుకున్నట్టు.

ఈ రెండో టెన్షన్ తప్పితే ముందు అంచులే చెబుతాయి. వరుస మొదట్లో రెండు మూడు కుట్లు వదులుగా, లూప్‌లు లూప్‌లుగా వస్తున్నాయంటే డిస్క్ వదులుగా ఉంది, లేదా క్యారేజ్‌ను చివరి సూది దాటి మరీ దూరం తీసుకెళ్తున్నారు. క్యారేజ్ చివరి సూదిని పూర్తిగా దాటితే చాలు. ఇంకా ముందుకు లాగితే ఆ మేర ఊలు అదనంగా వచ్చి, తిరుగు ప్రయాణంలో వేలాడుతుంది. అంచులు లోపలికి ముడుచుకుని గట్టిగా వస్తుంటే డిస్క్ ఎక్కువ బిగించారని అర్థం.

ఊలు ఉండ నుంచి నేరుగా అల్లకండి. ఉండ దొర్లుతూ ఊలు ఆగి ఆగి వస్తుంది. లాగిన ప్రతిసారీ రెండు మూడు కుట్లు బిగుసుకుంటాయి, బట్ట మీద అడ్డ చారలుగా కనిపిస్తాయి. కోన్‌కి గానీ, మధ్యలోంచి ఊలు వచ్చే కేక్‌లాగా గానీ చుట్టుకుని, దాన్ని మాస్ట్‌కి సరిగ్గా వెనక, నేల మీద పెట్టండి. ఊలు గరుకుగా ఉంటే చుట్టేటప్పుడే కొంచెం మైనం రాయండి.

కుట్లు జారుతున్నప్పుడు ఎక్కడ జారుతున్నాయో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఎప్పుడూ అదే సూది దగ్గర జారితే ఆ సూది వంగి ఉంటుంది, లేదా దాని లాచ్ సరిగ్గా ఆడటం లేదు. కొత్త సూది వేయండి. ఒకే అంచులో జారితే బరువు, మాస్ట్ చూడండి. ఎక్కడ పడితే అక్కడ జారుతుంటే స్పాంజ్ బార్ బయటికి లాగి చూడండి. స్పాంజ్ చదునుగా అణిగిపోతే సూదులు పైకి లేచి ఆడతాయి. అలాంటి మెషిన్‌కి డయల్ ఎంత తిప్పినా లాభం లేదు. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న మెషిన్ తెచ్చుకుంటే అల్లడానికి ముందే స్పాంజ్ మార్చేయండి.

అపోహ: బరువులు ఎన్ని వేలాడదీస్తే అల్లిక అంత బాగా వస్తుంది.

బరువు పని ఒక్కటే: పాత లూప్‌ను కిందికి లాగి పట్టి, లాచ్ మీదుగా సాఫీగా దాటించడం. సాదా అల్లికకు కింద తగిలించే దువ్వెనతో (పళ్ళున్న పట్టీతో) పాటు రెండు అంచుల్లో ఒక్కో పంజా బరువు (కొక్కేలున్న బరువు) సరిపోతుంది. ఎక్కువైతే కుట్లు నిలువుగా సాగి, బట్ట సన్నగా పొడుగ్గా వస్తుంది, అంచు కుట్లు వదులైపోతాయి. అంచు బరువులను ప్రతి పది, పదిహేను వరుసలకు ఒకసారి పైకి జరుపుతూ ఉండాలి. మరిచిపోతే మొదట జారేది అంచు కుట్టే.

అపోహ: శాంపిల్ అల్లగానే స్కేలు పెట్టి కొలిచేయొచ్చు.

ఎక్కువ బట్ట పాడయ్యేది ఇక్కడే. మెషిన్ మీద 20 కుట్లు 20 సూదుల మీద ఉంటాయి, అంటే 18 సెం.మీ. వెడల్పు. అవే కుట్లు దించి, ఉతికి, ఆరాక 14.4 సెం.మీ. కావచ్చు. దించిన వెంటనే కొలిస్తే బరువుల వల్ల వరుసలు సాగి ఉంటాయి, పొడవు ఎక్కువ చూపిస్తుంది.

శాంపిల్‌ను ఇలా అల్లండి. 40 సూదుల మీద వేరే రంగు పాత ఊలుతో ఎనిమిది, పది వరుసలు అల్లండి. అసలు ఊలుకి మారి ఓ పది వరుసలు వెళ్ళండి. పాత ఊలుతో రెండు వరుసలు, అసలు ఊలుతో 30 వరుసలు, మళ్ళీ పాత ఊలుతో రెండు. ఆ 30 వరుసల మధ్యలో ఉండగా, సూదుల వరుస మధ్యనున్న సున్నాకు ఎడమవైపు 11వ సూది మీద, కుడివైపు 11వ సూది మీద వేరే రంగు ఊలు ముక్క ఒకటి వేయండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 20 కుట్లు ఉంటాయి. తర్వాత అసలు ఊలుతో ఇంకో పది వరుసలు అల్లి, పాత ఊలుతో కొన్ని వరుసలు వేసి దించేయండి. చివర ముడి వేసి మూయొద్దు, మూసిన అంచు బట్టను పట్టి ఉంచి వెడల్పు తప్పు చూపిస్తుంది.

ఏ టెన్షన్‌తో అల్లారో రేపటికి గుర్తుండదు. టెన్షన్ 6 అయితే ఆరు చోట్ల కుట్టును పక్క సూదికి మార్చి ఆరు చిల్లులు పెట్టండి. ఉతికినా ఆ లెక్క పోదు.

దించాక నిలువుగా ఒకసారి లాగి వదిలి, రాత్రంతా చదునుగా ఉంచండి. తర్వాత ఆ బట్టను ఎలా ఉతకబోతున్నారో అలాగే ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కొలవండి. యాక్రిలిక్‌కి ఆవిరి పట్టేటప్పుడు ఇస్త్రీ పెట్టె ఆనకూడదు. ఎక్కువ ఆవిరి తగిలితే మెత్తబడి వేలాడిపోతుంది, మళ్ళీ మామూలు కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. 20 కుట్లు 14.4 సెం.మీ. అయితే ఒక కుట్టు 0.72 సెం.మీ. 52 సెం.మీ. వెడల్పుకు 72 కుట్లు. 30 వరుసలు 15 సెం.మీ. అయితే 40 సెం.మీ. పొడవుకు 80 వరుసలు. కొలతలో 20 కుట్లకు ఒక్క కుట్టు తేడా పడినా అది ఐదు శాతం, అంటే 52 సెం.మీ. ముక్కలో దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. స్వెటర్‌కి ముందు, వెనక రెండు ముక్కలు కాబట్టి తేడా ఐదు సెంటీమీటర్లు దాటుతుంది. చేతి అల్లిక సూచనల్లో ఉన్న కుట్ల సంఖ్యను నేరుగా ఎక్కించకూడదని చెప్పేది ఇందుకే. అందులోంచి సెంటీమీటర్లు తీసుకోండి, కుట్లు మీ శాంపిల్ నుంచి తీసుకోండి.

అపోహ: సాదా అల్లిక శాంపిల్ ఉంది కదా, ప్యాటర్న్‌కీ అదే చాలు. ఏ పంచ్‌కార్డ్ (డిజైన్ ప్రకారం చిల్లులు పొడిచిన అట్ట) అయినా ఏ అల్లికకైనా పనికొస్తుంది.

రెండూ తప్పే. టక్ అల్లిక (కొన్ని సూదులు అల్లకుండా ఊలును పోగుచేసుకుని ఆగేది) వెడల్పుగా, పొట్టిగా వస్తుంది. స్లిప్ అల్లిక (కొన్ని సూదులను ఊలు దాటిపోయేది) ఇరుకవుతుంది. ఫెయిర్ ఐల్‌లో (ఒకే వరుసలో రెండు రంగులతో అల్లేది) వెనక రెండో ఊలు నడుస్తుంది కాబట్టి అదీ ఇరుకై గట్టిపడుతుంది, సాదా అల్లిక కంటే దాదాపు ఒక అంకె పెంచి మొదలుపెట్టాలి. ప్రతి ప్యాటర్న్‌కీ విడి శాంపిల్ తప్పదు.

పంచ్‌కార్డ్ వెడల్పు, అంటే ఎన్ని కుట్లకు డిజైన్ మళ్ళీ మొదలవుతుందో, అది మెషిన్‌ను బట్టి మారుతుంది. కె.హెచ్. 260 కార్డ్ 24 కుట్లది, ఎస్.కె. 155 కార్డ్ 12 కుట్లది. పై లెక్కలో వచ్చిన 72 కుట్లలో 24 మూడుసార్లు, 12 ఆరుసార్లు సరిగ్గా ఇముడుతుంది. మీకు 70 వచ్చిందనుకోండి, డిజైన్ ఏ అంచులో సగంలో తెగుతుందో అల్లకముందే కాగితం మీద చూసుకోండి. సూదులను ఎంచే తీరు కూడా వేరు. బ్రదర్ మెషిన్ తర్వాతి వరుసకు కావలసిన సూదులను ముందు వరుసలోనే ముందుకు తెచ్చి పెడుతుంది. అందుకే ప్యాటర్న్ మొదలయ్యే ముందు ఎంపిక కోసం ఒక వరుస అల్లాలి. సిల్వర్ రీడ్ క్యారేజ్ వెళ్తూనే ఎంచి అల్లేస్తుంది.

ఇక కార్డ్ సంగతి. ఫెయిర్ ఐల్‌లో చిల్లు ఉన్నచోట రెండో రంగు, లేనిచోట మొదటి రంగు. టక్‌లో చిల్లు ఉన్న సూది అల్లుతుంది, లేని సూది ఊలును పోగుచేసుకుంటూ ఆగుతుంది. ఫెయిర్ ఐల్ కార్డ్‌లో చిల్లులు లేని గళ్ళు పక్కపక్కనే నాలుగైదు ఉండటం మామూలే. దాన్ని టక్‌కి పెడితే ఆ నాలుగైదు సూదుల మీదా ఊలు పోగుపడి, క్యారేజ్ ఇరుక్కుంటుంది. చంకీ మెషిన్ మీద టక్‌కి మొదట పక్కపక్కన రెండు ఖాళీ గళ్ళు లేని కార్డ్ ఎంచుకోండి. ఒకే సూది వరుసగా రెండు మూడు వరుసలకు మించి ఆగకూడదు. అంచు సూది మాత్రం ప్రతి వరుసా అల్లేలా చూడండి, ఆగితే చేత్తో ముందుకు లాగండి. టక్‌కి అంచు బరువులు కూడా సాదా అల్లిక కంటే ఎక్కువ కావాలి.

ఫెయిర్ ఐల్‌లో చంకీకి ప్రత్యేకమైన చిక్కు వెనక నడిచే పోగు. స్టాండర్డ్ మెషిన్ మీద ఐదు సూదులు దాటే పోగు 2.25 సెం.మీ. దాకా వస్తుంది. అదే కార్డ్ చంకీ మీద వేస్తే 4.5 సెం.మీ. ఒక చెయ్యి తొడిగితే చాలు, వేళ్ళన్నీ అందులో చిక్కుకుంటాయి. చంకీ కోసం మూడు కుట్లకు, మహా అయితే నాలుగుకు మించి ఒకే రంగు సాగని డిజైన్లు తీసుకోండి. కార్డ్‌ను అడ్డంగా పెట్టి చిల్లుల మధ్య ఖాళీలు, ఖాళీల మధ్య చిల్లులు రెండూ లెక్కపెట్టండి. రెండో రంగు పోగు కూడా అంతే దూరం నడుస్తుంది.

అపోహ: క్యారేజ్ ఆగిపోతే కాస్త గట్టిగా తోస్తే వెళ్ళిపోతుంది.

వెళ్తుంది, సూదులు వంచుకుని. ఆగగానే చెయ్యి తీసేయండి. విడుదల లివర్ ఉంటే అది జరిపి, లేకపోతే క్యారేజ్ ముందున్న సింకర్ ప్లేట్ (అల్లికను సూదుల దగ్గర పట్టి ఉంచే పలక) రెండు స్క్రూలూ వదులు చేసి ప్లేట్ తీసి, క్యారేజ్‌ను పైకి ఎత్తి తీయండి. ఏ సూదుల దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఆ సూదులను కుట్లతో సహా పని స్థానానికి (మామూలుగా అల్లే చోటికి) చేత్తో సర్దండి.

తర్వాత సింకర్ ప్లేట్ తిరగేసి చిన్న బ్రష్ చక్రాలు చూడండి. వాటి ఇరుసుల చుట్టూ ఊలు నూగు, ఒక్కోసారి పోగు మొత్తం చుట్టుకుని ఉంటుంది. స్క్రూ తీసి, నూగు లాగేసి, వేలితో తిప్పితే ప్రతి చక్రమూ తేలిగ్గా తిరగాలి. అవి బాగుంటే ఊలు ఫీడర్ లోంచి బయటికి జారిందేమో, మాస్ట్ దగ్గర ముడి పడిందేమో చూడండి. అదీ కాకపోతే కుట్లు మరీ చిన్నవి. క్యారేజ్ ప్రతి వరుసలోనూ బరువుగా కదులుతుంటే అప్పుడు డయల్ ఒక చుక్క పెంచండి, మళ్ళీ శాంపిల్ అల్లండి.