మందుల చీటీ మీద లాటిన్: అపోహలు - వాస్తవాలు

మెడికల్ షాపులో మందులు ఇవ్వడం నా పని. మందుల ధరల తర్వాత జనం నన్ను ఎక్కువగా అడిగేది చీటీ మీది పొట్టి అక్షరాల గురించే.

అపోహ: 'ఎస్ఓఎస్' అని రాశారంటే ప్రాణం మీదికొచ్చినట్టే.

వాస్తవం: ఒకాయన చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "మా ఆవిడకి సీరియస్సా అండీ?" అన్నారు. చూస్తే పారాసిటమాల్ పక్కన ఎస్ఓఎస్ అని ఉంది. అది 'సి ఓపుస్ సిట్' అనే లాటిన్ మాటలకు పొట్టి రూపం, అర్థం 'అవసరమైతే'. జ్వరం వస్తే వేసుకోవాలి, లేదంటే అక్కర్లేదు. ఓడలవాళ్లు ఆపదలో సాయం కోసం పంపే ఎస్ఓఎస్‌కీ దీనికీ చుట్టరికం లేదు. ఓడలవాళ్లది అసలు ఏ మాటలకూ పొట్టి రూపం కాదు. చుక్కలు, గీతలతో సందేశాలు పంపే మోర్స్ కోడ్‌లో అది మూడు చుక్కలు, మూడు గీతలు, మళ్లీ మూడు చుక్కలు. తేలిగ్గా గుర్తుపట్టొచ్చు కాబట్టి 1906లో బెర్లిన్ సమావేశంలో దాన్ని ఖాయం చేశారు.

మిగతావీ ఇంత మామూలువే. బీడీ అంటే 'బిస్ ఇన్ డియే', రోజుకు రెండుసార్లు. (పొగబీడీ జోకు వారానికొకసారైనా వింటాను.) టీడీఎస్ అంటే మూడుసార్లు. ఉద్యోగస్తులకు మాత్రం జీతంలో కోతే గుర్తొస్తుంది. హెచ్ఎస్ అంటే పడుకునే ముందు.

అపోహ: చీటీ పైన ఉండే ఆర్ఎక్స్ రోమన్ల జూపిటర్ దేవుడి గుర్తు.

వాస్తవం: అది 'రెకిపె', అంటే 'తీసుకో' అన్న లాటిన్ క్రియ. అందులో ఎక్స్ లేదు. మాటను కుదించామని చెప్పడానికి ఆర్ అక్షరం కాలికి అడ్డంగా కొట్టిన గీత అది. పూర్వం మందులు రెడీగా డబ్బాల్లో వచ్చేవి కావు. ఫలానా దినుసు ఇంత తీసుకుని కలుపు అని వైద్యుడు రాస్తే మావాళ్లు నూరి ఇచ్చేవాళ్లు. ఇంగ్లీషులో 'రెసిపీ' కూడా మొదట మందులకే వాడారు, వంటింట్లోకి తర్వాత వెళ్లింది. ఆ లెక్కన యూట్యూబ్‌లో గోంగూర పచ్చడి రెసిపీ మా చీటీకి చెల్లెలే!

అపోహ: వైద్యంలో ఇంగ్లీషు మాటలన్నీ లాటినే.

వాస్తవం: గ్రీకువీ బోలెడు. కిడ్నీకి సంబంధించిన 'రీనల్' లాటిన్ నుంచి వస్తే 'నెఫ్రాలజీ' గ్రీకు నుంచి వచ్చింది. 'డోసు' గ్రీకు. 'సిరప్' మూలం అరబ్బీ, మన షర్బత్‌కు దగ్గరి చుట్టం.

అపోహ: డెంటల్‌లో దంతం, నేసల్‌లో నాసిక కనిపిస్తున్నాయి కాబట్టి లాటిన్ సంస్కృతం నుంచే పుట్టింది.

వాస్తవం: ఇది చెప్పేవాళ్లతో వాదన పెట్టుకుంటే షాపు మూసే టైమవుతుంది. పోలిక నిజమే, కానీ ఇవి తల్లీ కూతుళ్లు కావు, అక్కాచెల్లెళ్లు. రెండూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి అన్నాడు. తెలుగు పుట్టిల్లు అది కాదు. మనది ద్రావిడ కుటుంబమని 1816లో మద్రాసు కలెక్టర్ ఎల్లిస్ చూపించాడు. అయితే అలవాటు మాత్రం ఒకటే. ఇంగ్లీషువాడు ఇంట్లో టూత్ అంటాడు, బోర్డు మీద డెంటల్ అని రాస్తాడు. మనకు ఇంట్లో పన్ను, బోర్డు మీద దంత వైద్యశాల.

అపోహ: లాటిన్‌లో రాస్తే పొరపాటుకు తావుండదు.

వాస్తవం: నేనే పొరపాటు పడ్డాను. 'ఓడీ' అంటే మాకు రోజుకొకసారి. కంటి డాక్టర్లకు అదే 'ఓకులుస్ డెక్స్టెర్', కుడికన్ను. కొత్తలో ఒక పెద్దావిడకు చుక్కల మందు ఇచ్చి రోజుకొకసారి అని చెప్పి పంపేశాను. అనుమానమొచ్చి ఫోన్ చేస్తే, కుడికంట్లో రోజుకు నాలుగుసార్లట. ఆవిడ ఇంకా బస్టాండులోనే ఉండబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచీ మందు కవరు మీద స్కెచ్ పెన్నుతో తెలుగులోనే రాస్తున్నా: 'కుడి కన్ను, 4 సార్లు'.