గుజ్జు అరిగితే మంచం ఎక్కాలా? మోకాలి ప్రెషర్ గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఫిజియోథెరపీ చేస్తున్నా, మారతహళ్ళి చుట్టుపక్కల మనవాళ్ళే ఎక్కువ వస్తారు, కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో అనంతపురం, కడప నుంచి వచ్చిన పెద్దవాళ్ళు. ఎంఆర్ఐ రిపోర్ట్ చేతిలో పెట్టి చాలామంది చెప్పే మాట ఒకటే: "గుజ్జు అరిగిందంట మేడమ్, మోకాలి మీద ప్రెషర్ పడకూడదన్నారు, అందుకే నడక మానేశా."

అపోహ: ప్రెషర్ తగ్గించడం అంటే కాలు కదపకపోవడం.

వాస్తవం: కాదండీ, అస్సలు కాదు. గుజ్జు అంటే కీలులో ఎముకల చివర్లని కప్పి ఉండే నున్నటి పొర, కార్టిలేజ్. దానికి రక్తనాళాలు లేవు, దానికి పోషణ అందేది కీలులో ఉండే ద్రవం నుంచే, అదీ బరువు పడి, మళ్ళీ వదిలి, కాలు ఆడుతూ ఉంటేనే సరిగ్గా అందుతుంది. వారాల తరబడి కదపకపోతే మిగిలిన గుజ్జు కూడా పలచబడుతుంది, తొడ ముందు కండ కరిగిపోతుంది, అడుగు వేసినప్పుడు ఆ అదురుని కాచుకునేది ఆ కండే కదా, అది పోయాక భారమంతా నేరుగా కీలు మీదే. డాక్టర్ తగ్గించమన్నది దెబ్బతిన్న చోట పడే బరువుని, కదలికని కాదు.

హొరమావు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఎవరో బంధువులు భయపెడితే సంక్రాంతి నుంచి మంచం మీదే ఉండిపోయింది, హాయిగా ఉందని రోజంతా మోకాలి కింద దిండు పెట్టుకుని. నా దగ్గరికొచ్చేసరికి మోకాలు పూర్తిగా చాపలేకపోయింది. అరుగుదల కన్నా ఆ దిండే ఎక్కువ నష్టం చేసింది. ఆమెని ఏమనగలం, నొప్పి ఉన్న మనిషికి భయం ఉంటుంది, నాకు కోపం వచ్చేది ఆ సలహా ఇచ్చినవాళ్ళ మీదే. దిండు తీసేసి, మడమ కింద టవల్ చుట్ట పెట్టి మోకాలిని కిందికి నొక్కించడం దగ్గర మొదలుపెట్టాం, తర్వాత లోడ్ లేకుండా సైకిల్.

ఆపరేషన్ అయినవాళ్ళలో కూడా ఇదే గందరగోళం. తొడ ఎముక చివర మైక్రోఫ్రాక్చర్ (గుజ్జు పోయిన చోట ఎముకకి సన్నటి రంధ్రాలు పెట్టి కొత్త పొర పెరిగేలా చేసే ఆపరేషన్) చేస్తే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు క్రచెస్ మీద, బరువు బాగా తగ్గించి నడవమంటారు, కానీ మోకాలు వంచి చాపడం మాత్రం మొదటి రోజుల నుంచే చేయిస్తారు. అదే మోకాలి చిప్ప వెనక చేస్తే లెక్క వేరు, బ్రేస్‌లో, అంటే కాలు వంగకుండా పట్టి ఉంచే పట్టీలో, కాలు నిటారుగా ఉంచి చాలాసార్లు ముందే నడవనిస్తారు, బరువుతో వంచడమే వద్దంటారు. అందుకే పక్కింటాయన ప్రోటోకాల్ మీరు ఫాలో అవ్వకండి, మీ సర్జన్‌నే అడగండి.

మిగతావి గబగబా చెప్పేస్తా.

చేతికర్ర నొప్పి ఉన్న వైపు పట్టుకోవాలనుకుంటారు. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, రెండూ కలిసి ముందుకి వెయ్యాలి.

మెడికల్ షాపులో దొరికే సాగే నీక్యాప్ కాస్త ధైర్యాన్నిస్తుంది, వెచ్చగా ఉంటుంది, అంతే, ప్రెషర్ తీయదు. ఒక వైపు భారం తగ్గించే అన్‌లోడర్ బ్రేస్ వేరే, అది కాలు కొలతలు తీసుకుని ఇస్తారు.

దొడ్డికాళ్ళు ఉంటే లోపలి వైపు గుజ్జు మీదే బరువు ఎక్కువగా పడుతుంది. ఆ వంపు అలాగే ఉంచి గుజ్జు ఒక్కదానికే రిపేర్ చేస్తే ఎక్కువ కాలం నిలవడం కష్టం. వయసు మరీ పెద్దది కాకుండా, అరుగుదల ఒక వైపే ఉంటే మోకాలి కింది ఎముకని కోసి వంపు సరిచేసే హై టిబియల్ ఆస్టియోటమీ ఉంది, "ఎముక కోస్తారా" అని హడలిపోయి వెళ్ళిపోకండి, ఒకసారి కూర్చుని వివరంగా మాట్లాడండి.

ఒంటి బరువు ఒక కేజీ తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కేజీల భారం తగ్గుతుంది. ఏ నూనె రుద్దినా ఇది రాదు.

నడిచాక నొప్పి కాస్త పెరిగి మర్నాటికి మామూలైతే కంగారు పడక్కర్లేదు. మర్నాడు కూడా వాపు ఉంటే ఆ రోజు నడక తగ్గించండి, మానేయకండి. మోకాలు ఉన్నట్టుండి లాక్ అయిపోయినా, ఎర్రగా వాచి జ్వరం వచ్చినా నా దగ్గరికి కాదు, ముందు ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.